వెనక గదిలో తాబేలు

పాకే జీవమంటే నాకు రోత. భయమైతే నాలుగడుగులు అవతలికి జరిగితే పోతుంది, రోత కళ్ళు మూసుకున్నా పోదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో బియ్యం చెరుగుతుంటే దూలం మీంచి బల్లి జారి నా మెడమీద పడింది. చేట ఎటు విసిరేశానో తెలియదు. బోరింగు దగ్గర కూర్చుని కొబ్బరిపీచుతో మెడ రుద్దుకుంటుంటే మా ఆయన జాన్ బాషా చూసి పగలబడి నవ్వాడు. "బల్లి పడితే తోలు వలుచుకుంటావా ఏందే?" అన్నాడు. వీలైతే వలుచుకునేదాన్నే. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అలాంటి నేను, నా కూతురు పెంచుకోవడానికి ఏ పాకే జంతువైతే కుదురుతుందా అని ఊళ్ళో నలుగురినీ అడుగుతూ తిరిగాను. రెండు వేల మూడులో, మిరప కోతలప్పుడు.

సఫూరాకి అప్పుడు ఎనిమిదేళ్ళు. జనవరి చివర్లో ఆయాసం మొదలైంది. మొదట జలుబనుకున్నాం, తర్వాత దిష్టి అనుకున్నాం, చివరికి గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు వీపుమీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఆస్తమా అన్నారు. దుమ్ము తగలకూడదు, దూది నుసి తగలకూడదు, మిరప ఘాటు బొత్తిగా తగలకూడదు అన్నారు. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం దూదేకులవాళ్ళం. ఇంటి ముందు రేకుల షెడ్డులో పొద్దస్తమానం దూది ఏకే మిషను తిరుగుతుంది. రోడ్డు దాటితే కౌలు చేలో పండిన మిరపకాయలు ఆరబోసే కల్లం. డాక్టరుగారు చెప్పినట్టు నడవాలంటే మా పిల్ల మా ఇంట్లో తప్ప ఎక్కడైనా ఉండాలి.

"ఇంట్లో పెంపుడు జంతువులేమైనా ఉన్నాయా?" అని అడిగారు డాక్టరుగారు.

"పిల్లి ఉందండి. నాలుగు కోళ్ళున్నయ్యి."

"తీసెయ్యండి. బొచ్చున్నవీ ఈకలున్నవీ ఏవీ పిల్ల దగ్గరికి రాకూడదు."

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని కాళ్ళూపుతున్న సఫూరా ఊపడం ఆపింది. "బొచ్చు లేనివైతే పెంచుకోవచ్చాండీ?" అని అడిగింది.

ఆయన నవ్వి, "బొచ్చు లేనిదైతే నీ ఇష్టం తల్లీ" అన్నారు, చీటీ రాస్తూనే.

పిల్లలకి అలాంటి మాట ఇవ్వకూడదు. తిరుగు బస్సు చిలకలూరిపేట చేరేలోపు సఫూరా వేళ్ళు మడిచి లెక్క తేల్చేసింది. "బల్లి, తొండ, ఉడుము, తాబేలు, పాము. ఐదున్నాయమ్మా" అంది. చేపలు కూడా ఉన్నాయి కదే అన్నాను. చేపని ఎత్తుకోలేం కదా అంది. నా పక్కన కూర్చున్న ముసలాయన పాము మాట విని కొంచెం జరిగి కూర్చున్నాడు.

మర్నాడే పిల్లిని సంచిలో వేసి మా ఆయన పక్కూళ్ళో వదిలేసి వచ్చాడు. కోళ్ళను మా మరిది సలీం తీసుకుపోయాడు. బడి మాన్పించాం. సఫూరా మంచం వెనక గదిలో వేశాం. అటు దూది రాదు, ఇటు మిరపకాయ రాదు. ఇంట్లో అదొక్కటే సిమెంటు గచ్చు చేసిన గది. దాన్ని నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫినాయిలు వేసి తడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. ఆ గదిలో బల్లి ఉండేది కాదు, చీమ ఉండేది కాదు, దోమ కూడా తక్కువే. వచ్చినవాళ్ళకి చూపించుకుని మురిసిపోయేదాన్ని. గదిలో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె. మంచం కింద గోనెపట్టా కప్పిన పురుగుమందు డబ్బాలు, అంతే. చేలో గుడిసెలో పెడితే అంతకుముందు ఏడాది ఎవరో ఎత్తుకుపోయారు. షెడ్డులో పెడితే ఎండకి పాడవుతాయని మందుల కొట్టాయన చెప్పాడు. మా ఆయన వంటింట్లో పెడతానంటే నేను ఒప్పుకోలేదు. "నా వంటింట్లో ఆ కంపేంది, వెనక గదిలో మంచం కింద పెట్టు, ఎవరూ చూడరు" అన్నాను. మిరపకీ పత్తికీ మందు కొట్టేవాళ్ళ ఇళ్ళలో అది మామూలే. ఊళ్ళో సగం మంది మంచాల కింద అవే ఉంటాయి.

పిల్లి పోయిన రోజు నుంచి సఫూరా నాతో మాట తగ్గించింది. కిటికీ ఊచలు పట్టుకుని ఎదురుగోడని చూస్తూ కూర్చునేది. తిండి తగ్గింది. ఆయాసం ఒకటీ, ఈ మౌనం ఒకటీ. నాకు మౌనానికే ఎక్కువ భయమేసింది. నాలుగో రోజు దాని పక్కన కూర్చుని, "ఏం కావాలో చెప్పవే, తెచ్చిస్తా" అన్నాను.

"డాక్టరుగారు చెప్పారుగా. బొచ్చు లేనిది" అంది.

కల్లంలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ముక్కులకి చీరచెంగులు కట్టుకున్నా దగ్గులు ఆగవు, మాటలు అసలే ఆగవు. మా పక్కింటి కోటేశ్వరి వాళ్ళకి ముఠా మేస్త్రి. ఆమె గొంతు అవతలి బజారుకి కూడా వినపడుతుంది. నేను సంగతి చెప్పేసరికి తొడిమలు తీయడం మానేసి తీర్పు చెప్పడానికి కూర్చుంది.

"బల్లి వద్దు. చేతిలో తోక వదిలేసి పోద్ది" అంది.

"నాకు చెప్పబాక అక్కా, కడుపులో తిప్పుద్ది."

"నువ్వే కదే అడిగింది! ఉడుము కూడా వద్దు. పట్టిందంటే వదలదు, గోళ్ళు చూశావా? పాము సంగతి నేను మాట్లాడను. ఇంక తొండ. తొండైతే నయమే, ఈగల్ని తింటది. ఒంటిమీద పడితే ఏం ఫలమో పంచాంగంలో చూసి చెప్తానుండు."

"పెంచుకునేదానికి పంచాంగం ఏందక్కా?"

"పెంచుకుంటే పడదా ఏంది మీద?"

ఆ రోజు అన్నాల దగ్గర మా ఆయన ఇంకో సలహా ఇచ్చాడు. వాడరేవులో పడవలవాళ్ళని అడిగితే సముద్రపు తాబేలు పిల్లని ఇస్తారట. నాకు వాడరేవు అనగానే అంతకుముందు ఏడాది ఒడ్డున చూసింది గుర్తొచ్చింది. చాటంత తాబేలు చచ్చి పొట్ట ఉబ్బి పడుంది, కంటిగుంటలోంచి పీత ఒకటి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. కంచం తోసేసి లేచాను. "ఏమయ్యా, అన్నం ముందు కూర్చుని చెప్పే మాటేనా అది?" అన్నాను. ఆయనకి ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు.

మొదటి తొండని సలీం తెచ్చాడు. మెడకి ఎర్రదారం కట్టి వేలాడదీసుకుని వచ్చాడు. దారిలో పిల్లకాయలు దాని నోట్లో పొగాకు నలిపి పెట్టారట, మత్తెక్కి ఊగుతోంది. గొంతు కింద తోలు ఉబ్బడం, తగ్గడం, మళ్ళీ ఉబ్బడం. ఆ గరుకు వీపు, ఆ గుండ్రటి కన్ను ఒకటి నావైపు తిరగడం చూసి నేను గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాను. సఫూరా మాత్రం దారం విప్పి, నోరు తెరిచి పొగాకు తుడిచి, చంటిపిల్లకి పట్టినట్టు నీళ్ళు పట్టింది. తన గదిలో గచ్చుమీద గంపకింద పెట్టుకుంది. మూడో రోజు పొద్దున గంప ఎత్తితే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మధ్యాహ్నానికి పోయింది.

"పొగాకు పెట్టారుగా, అందుకే" అన్నాడు సలీం. రెండోదాన్ని పొగాకు పెట్టకుండా తెచ్చాడు. అది రెండు రోజులకే పోయింది. రెండింటినీ నేనే పట్టకారుతో ఎత్తి పెంటకుప్ప మీద పడేశాను. మెత్తగా, పట్టకారు కొసలకి చర్మం అంటుకుని, ఛీ. ఆ పట్టకారు మళ్ళీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. సఫూరా ఏడ్చింది. ఏడిస్తే ఆయాసం ఎక్కువైంది. నాకు లోపల మాత్రం పీడ వదిలిందనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఇంక చాలు కదమ్మా" అన్నాను.

"తొండలు ఎండలో ఉండేవి. గదిలో బతకవు. గదిలో బతికేది కావాలి" అంది.

అప్పుడు కోటేశ్వరి చెంచురామయ్య పేరు చెప్పింది. ఆయన యానాదుల పెద్ద. కోతలైన చేలల్లో కుండలో గడ్డి పొగ పెట్టి, ఆ పొగ బొరియలోకి ఊది ఎలకల్ని పడతాడు. పట్టినవాటిని బుట్టలో వేసుకుని మా ఇంటి ముందునుంచే పోతాడు. ఆ బుట్ట కనపడితే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆయన నీళ్ళడిగితే దోసిట్లో పైనుంచి పోసేదాన్ని. అలాంటి మనిషిని కబురు పెట్టి పిలిపించుకున్నాను. గేటు బయటే గొంతుక్కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడి మాట్లాడాను.

"ముందు పాపని చూడాలమ్మా" అన్నాడు.

"పాపని చూసేదేంది? తాబేలో ఏదో ఒకటి తెచ్చిస్తే చాలు."

"అట్టా కాదమ్మా. దుడుకు పిల్లైతే ఒకటి, నెమ్మదైన పిల్లైతే ఒకటి."

సఫూరాని అరుగుమీదకి తీసుకొచ్చాను. చెంచురామయ్య దాన్ని ఏమేం అడిగాడో వింటే పెళ్ళి సంబంధానికి వచ్చినట్టుంది. పొద్దున ఎన్నింటికి లేస్తావు? ఆకు తిని పడుకునేదాన్ని చూస్తా కూర్చుంటావా, విసుగొస్తదా? పలకరిస్తే పలకదు, తోక ఊపదు, పర్లేదా? ఎత్తుకున్నప్పుడు ఒంటికి పోస్తే విసిరి కొడతావా? సఫూరా ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పింది. చివరిదానికి, "విసిరి కొట్టను తాతా, కడుక్కుంటా" అంది. పిల్లి పోయాక సఫూరా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"మెట్ట తాబేలు కుదురుద్ది ఈ పాపకి" అన్నాడు లేస్తూ. "నీళ్ళక్కర్లా. ఆకులు తింటది. నిదానంగా ఉంటది, నిదానంగా బతుకుద్ది. మనందరం పోయినాక కూడా బతుకుద్దమ్మా. పాప తన మనవరాలికి ఇచ్చుకోవచ్చు."

వారం తర్వాత గుట్టల వైపునుంచి తెచ్చాడు. తువ్వాలు విప్పేసరికి నల్లటి రాయిలాంటిది బయటపడింది. డిప్పమీద పసుపుగీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉన్నాయి. అందమైనదేనని కోటేశ్వరి అంది. అటవీశాఖవాళ్ళ కంటపడితే ఊరుకోరని కూడా అంది. నాకు డిప్ప వరకు ఓర్చుకోవచ్చనిపించింది. అంతలో దాని తల బయటికొచ్చింది. ముడతలు పడ్డ మెడ, పళ్ళు లేని నోరు, పొలుసుల కాళ్ళు. చేతులు కొంగులో దాచుకున్నాను. సఫూరా చేతుల్లోకి తీసుకోగానే అది బుస్సుమని గాలి వదిలి, చెప్పినట్టే గౌను నిండా పోసింది. పిల్ల కిలకిల నవ్వింది. ఆ నవ్వు విని మా ఆయన మిషను ఆపి వచ్చి మరీ చూశాడు.

ఇరవై రోజులు ఆ తాబేలు మా ఇంటి పెత్తనం చేసింది. పొద్దున్నే లేచి బచ్చలాకు తేవాలి, గుమ్మడిపువ్వు తేవాలి. మెత్తటి ఆకు తింటూ అది నోటి పక్కలనుంచి పచ్చటి చొంగ కార్చేది. పచ్చటి పెంటికలు పెట్టి వాటిమీదే నడిచేది. గీకుతున్న గోళ్ళ చప్పుడు వంటింట్లోకి వినపడితే నాకు పళ్ళు జివ్వుమనేవి. ఎండ ముదిరేకొద్దీ అది మంచం కింద చీకట్లో డబ్బాల మధ్య దూరి పడుకునేది. సఫూరా కూడా చల్లగా ఉందని గచ్చుమీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి, మంచం కిందకి చూస్తూ గంటలు గంటలు దానికి కబుర్లు చెప్పేది. పిల్లి సంగతి, బడి సంగతి, డాక్టరుగారి సంగతి. నాకు చెప్పని కబుర్లు. నేను గుమ్మంలో నిలబడి వినేదాన్ని. తాబేలుమీద కోపం కూడా వచ్చేది.

పిల్ల ముఖంలో వెలుగొచ్చింది, ఊపిరి మాత్రం పాడైంది. డాక్టరుగారు రోజుకొకసారి పీల్చమని రాసిచ్చిన మందు మార్చి మొదట్లో రోజుకి మూడుసార్లు పీల్చాల్సొచ్చింది. కళ్ళవెంట నీళ్ళు, నోట్లో ఉమ్మి ఊరడం, కడుపులో మెలిపెట్టడం. నాకు కారణం కళ్ళెదుటే కనిపించింది.

"ఇది వచ్చినకాడనుంచే ఎక్కువైంది. ఆ పెంటికల కంపు పీల్చి పిల్ల చెడిపోతోంది. తీసకపోయి గుట్టల్లో వదిలెయ్యి" అన్నాను మా ఆయనతో.

"బొచ్చు లేదు కదే దానికి."

"బొచ్చు లేకపోతే? ఒళ్ళంతా రోగమే దానికి. నాకు చూస్తేనే వాంతికొస్తంది."

"నీకు దేన్ని చూసినా వాంతే. పిల్ల నవ్వుతుంటే చూడలేవా?" అన్నాడు. ఆ మాటకి నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. గదిని మాత్రం రెండుసార్లు తుడిచేదాన్ని నాలుగుసార్లు తుడిచాను. మంచం కింద డబ్బాల చుట్టూ గుడ్డ తిప్పి, అదే గుడ్డతో ఇవతలికి లాగి, గచ్చంతా అద్దంలా మెరిసేట్టు తుడిచాను. తుడిచిన తడి ఆరకముందే సఫూరా మళ్ళీ వచ్చి పడుకునేది.

ఆ శుక్రవారం పొద్దున తాబేలు మంచం కోడు పక్కన మెడ బయటికి చాచి పడి ఉంది. నోటి దగ్గర నురగ ఎండి తెల్లగా ఉంది. కాళ్ళు లోపలికి ముడుచుకోలేదు. సఫూరా దాన్ని చూసి ఏడవలేదు. నన్ను చూసింది.

"నువ్వే ఏదో పెట్టావు దానికి" అంది.

"నేనెందుకు పెడతానే? పిచ్చిదానా!"

"నాన్నతో అన్నావుగా, తీసకపొమ్మని. నేను విన్నా."

"అన్నా. అంటే చంపుతానా?"

"తొండల్ని కూడా నువ్వే చంపావు" అని గోడవైపు తిరిగి కూర్చుంది. తాబేలుని తీయనివ్వలేదు. నేను పట్టకారు తెస్తే దానిమీద చెయ్యి అడ్డం పెట్టి అరిచింది, అరిచి ఊపిరందక ముందుకి వంగిపోయింది. మా ఆయన వద్దులే ఉండనియ్యి అన్నాడు. ఆ పగలంతా, మర్నాడు పొద్దెక్కేదాకా ఆ చచ్చిన ముద్ద నా మెరిసే గచ్చుమీదే ఉంది. నేను గదిలోకి పోయినప్పుడల్లా ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్నాను. కన్నకూతురు నన్ను హంతకురాలిని చూసినట్టు చూస్తోంది. ఎవరిమీదో ఒకరిమీద పడాలి కదా, చెంచురామయ్యకి కబురు పెట్టాను.

గేటు దగ్గర కనపడగానే దులిపేశాను. "ఏందయ్యా ఇచ్చింది? మనవరాలిదాకా బతుకుద్దన్నావు, మూడు వారాలు లేదు. రోగిష్టిదాన్ని అంటగట్టావా మా పిల్లకి?"

"తాబేలుని చూపించమ్మా" అన్నాడు.

"లోపలుంది. పిల్ల బయటికి తియ్యనివ్వటంలా."

ఆయన తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నేను గుమ్మంలోంచి పక్కకి జరిగి, రమ్మన్నాను. బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చాడు. మా గడప లోపలికి ఆయన రావడం అదే మొదటిసారి. సఫూరా ఆయనకి చోటిచ్చి జరిగింది. తాబేలుని తిప్పి చూశాడు, కాళ్ళు నొక్కి చూశాడు, పొట్ట వైపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను చెంగు ముక్కుకి అదుముకున్నాను.

"ఎప్పుడు పోయిందమ్మా?"

"నిన్న పొద్దున."

"అప్పటినుంచీ ఈడనే ఉందా?"

"ఆడనే ఉంది. మా ఖర్మ."

ఆయన తాబేలు పడి ఉన్న చోటు చుట్టూ గచ్చుమీద చూశాడు. గోడ వారగా చూశాడు. "చీమ పట్టలేదే" అన్నాడు.

"మా గదిలో చీమలుండవు. రోజూ ఫినాయిలేసి తుడుస్తా నేను" అన్నాను. ఆ కోపంలో కూడా నా గొంతులో గర్వమే వినపడింది.

"ఫినాయిలుకి చీమలాగవమ్మా. మార్చి ఎండలు. చచ్చి ఒక రోజైంది. ఒక్క చీమన్నా రాలేదు" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత బోర్లా పడుకుని మంచం కిందకి తల పెట్టి గోనెపట్టా పైకెత్తాడు. వెంటనే తల వెనక్కి లాక్కున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచి కూర్చున్నాడు.

"డబ్బా కారింది. పట్టా అంతా తడిసి ఉంది. పాపని బయటికి తీసకపో తల్లీ" అన్నాడు.

నేను కదల్లేదు. ఆయనే సఫూరాని భుజానికెత్తుకుని అరుగుమీదకి నడిచాడు. నేను ఆ గచ్చు చూస్తూ నిలబడ్డాను. డబ్బా అడుగు నా తడిగుడ్డ నీళ్ళకే తుప్పు పట్టింది, ఆ కంపు నా ఫినాయిలు వాసనలో కలిసిపోయింది. కారిందాన్ని రోజూ నేనే గుడ్డతో ఇవతలికి లాగి గదంతా పూశాను. పొట్ట నేలకానించి పాకేవి మూడూ చచ్చాయి. చెంప నేలకానించి పడుకున్నది నా పిల్ల. అప్పుడు నాకు కలిగిన రోత ముందెప్పుడూ ఏ పురుగుమీదా కలగలేదు. నా మీద నాకే ఒళ్ళు కంపరమెత్తి, పెరట్లోకి పోయి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

మిషను చప్పుడులో మా ఆయనకి ఏదీ వినపడలేదు. వెళ్ళి మిషను నేనే ఆపాను. చెప్పాను. దూది అంటిన కనురెప్పలతో అలాగే చూస్తూ, "చేలో పెడితే పోతయ్యనేగా ఈడ పెట్టుకుంది" అన్నాడు.

"పోనియ్యి" అన్నాను.

ఆయన లేవలేదు. డబ్బాలన్నీ నేనే లాగాను, ఒక్కొక్కటీ పొట్టకి ఆనించుకుని దొడ్డి దారిన చేనుకి పోయే బండి దగ్గరికి మోశాను. కారే డబ్బాకి చీరకొంగు చుట్టి మోశాను. ఆఖరి రెండు డబ్బాలకి ఆయన వచ్చి చెయ్యేశాడు. చెంచురామయ్య ఆ తాబేలుని తువ్వాల్లో చుట్టుకున్నాడు. కుక్కలు తవ్వనంత లోతుగా పూడుస్తానని సఫూరాకి చెప్పి తీసుకుపోయాడు. పోయేముందు నేను ఆయనకి గ్లాసుతో నీళ్ళిచ్చాను. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పిల్ల మంచం ముందు గదిలో, దూది నుసి ఎగిరే చోటే వేశాం. ఆయాసం పూర్తిగా పోలేదు, కానీ పదిహేను రోజుల్లో పీల్చే మందు రోజుకొకసారికి వచ్చింది. గుంటూరులో డాక్టరుగారికి జరిగింది చెబితే కలం కింద పెట్టి, "ఈ మాట ముందే చెప్పాలి కదమ్మా" అన్నారు. ముందు చెప్పడానికి అది మాకు చెప్పాల్సిన మాటగా తట్టలేదు. జూన్‌లో బడికి పంపాం. మళ్ళీ ఏ జంతువునీ అది అడగలేదు. నేనే ఒకసారి అడిగితే వద్దంది.

డబ్బాలు తీసేసిన ఆ శనివారం సాయంత్రం సంగతే నాకు మిగిలింది. సఫూరా కోటేశ్వరి వాళ్ళ పంచలో నులకమంచం మీద కూర్చుంది. నేను స్నానం చేసి, చేతులు సబ్బుతో నాలుగుసార్లు, చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోముకుని, కంచంలో అన్నం పప్పు నెయ్యి వేసి కలిపి తీసుకెళ్ళాను. రెండు రోజులైంది అది సరిగ్గా తిని.

"సఫూ, నేను చంపలేదన్నానుగా నీ తాబేలుని. నేనే చంపాను" అన్నాను.

తలెత్తి చూసింది.

"కావాలని కాదమ్మా. ఆ డబ్బాలు అక్కడ పెట్టమన్నది నేను. కారినదాన్ని చూసుకోకుండా గదంతా తుడిచింది నేను."

"తొండల్ని కూడానా?"

"తొండల్ని కూడా."

"నేనూ ఆడనే పడుకున్నాగా?" అంది.

"అవునమ్మా."

నేను ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. అలవాటుగానే నోరు తెరిచి ముందుకి వంగింది. ముక్కు నా వేళ్ళ దాకా వచ్చి ఆగింది. దాని పెదాలు బిగుసుకున్నాయి, భుజాలు ఒక్కసారి వణికాయి. నాకు కనపడకూడదని మొహం చప్పున మామూలుగా పెట్టుకుంది.

"నేను తింటాలేమ్మా" అని నా ఒళ్ళోంచి కంచం మెల్లగా తీసుకుంది. నేను కలిపిన అన్నాన్ని ఒక పక్కకి జరిపింది. కోటేశ్వరి పెద్దమ్మని పిలిచి వేరే అన్నం అడిగి పెట్టించుకుని, తన చేత్తో తను తింది.